యాభై ఆరో నంబరులో తండ్రి

మా నాన్నకు నచ్చిన పుస్తకం ఇంతవరకు ఈ భూమ్మీద అచ్చు కాలేదు. ఇది నేను కోపంతో అంటున్నానని మీకు అనిపిస్తే సరిగ్గానే అనిపించింది. పన్నెండేళ్లుగా ఆయన ఒక ప్రచురణ సంస్థకు మొదటి పాఠకుడు. పదిహేను పదహారేళ్ల పిల్లల కోసం రాసే వింత నవలలన్నీ, అంటే రెక్కలు మొలిచిన అమ్మాయిలు, నీట మునిగిన నగరాలు, కాలంలో వెనక్కి నడిచే అబ్బాయిలు ఉండేవన్నీ, ముందు ఆయన చేతికే వస్తాయి. ఆయన చదివి ఒక పేజీ నివేదిక రాస్తాడు. ఆ పేజీని బట్టి పుస్తకం బతుకుతుంది, లేదా రాసినవాళ్ల ఇంటికి తిరుగు టపాలో పోతుంది. పన్నెండేళ్లలో ఆయన "వేయవచ్చు" అని రాసినవి పదకొండే. అవీ నచ్చి కాదు. "ఇంతకన్నా దరిద్రమైనవి చదివాను కాబట్టి" అని ఆయనే చెప్పాడు.

వీధిలో అందరూ ఆయన్ని ఎర్రపెన్ను అంటారు. వెనకాల అంటారని ఆయన అనుకుంటాడు గానీ ముందే అంటారు, ఆయనే వినడు. మందుల షాపు బోర్డు మీద తప్పుందని కుర్చీ వేయించుకుని ఎక్కి సుద్దముక్కతో దిద్దినవాడు. ఎవరింట్లోనైనా పెళ్లికి పిలుపు కార్డు ఇస్తే చదివి, తప్పులన్నీ దిద్ది, ఇచ్చినవాళ్ల చేతికే తిరిగి ఇచ్చేవాడు. పెళ్లికి మాత్రం వెళ్లేవాడు కాదు. ఇది తలుచుకుని జనం నవ్వుకుంటారు. ఆయనతో ఒకే ఇంట్లో ముప్ఫై మూడేళ్లు ఉంటే ఎంతవరకు నవ్వొస్తుందో నన్నడగండి.

ఆయన పక్షాన చెప్పాల్సింది కూడా చెప్పేస్తాను, తర్వాత నాకు ఓపిక ఉండదు. పదహారో ఏట ఆయన్ని ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే బల్ల ముందు కూర్చోబెట్టారు. ముప్ఫై నాలుగేళ్లు అక్కడే కూర్చున్నాడు. దరఖాస్తు ఫారాలు, టికెట్లు, నోటీసులు, ధరల పట్టికలు. అన్నేళ్లలో ఆయన చదివిన వాక్యాల్లో ఒక్కదానిలోనూ మనిషి లేడు. "కింద సంతకం చేసినవారు" ఉన్నారు, "పైన తెలిపినవారు" ఉన్నారు, అంతే. ముందుగానే రిటైరయ్యాక ఈ ప్రచురణ సంస్థవాళ్లు ప్రూఫుల కోసమే పిలిచారు. మొదటి నెలలోనే ఒక నవల మార్జినులో ఇలా రాశాడు: "ఈ పిల్ల నూట నలభయ్యో పేజీలో చచ్చిపోయింది కదా. నూట ఎనభైలో అన్నం ఎలా తింటోంది?" ఆ నవలను అప్పటికే నలుగురు చదివారు. ఒక్కరూ పట్టుకోలేదు. ఆ రోజు నుంచి మా నాన్న మొదటి పాఠకుడయ్యాడు. ఎవరైనా తన అభిప్రాయం అడగడం ఆయనకు అదే మొదలు. అడిగాక ఇక ఆగలేదు.

నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. డాక్టరు రాసిచ్చిన చీటీ చూసి, అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీసి, ఫ్రేమును వేడి గాలితో మెత్తబరిచి, అద్దాన్ని నొక్కి కూర్చోబెట్టడం నా పని. పెళ్లి సంగతి అడక్కండి, ఈ కథకు దానితో పని లేదు. మధ్యాహ్నం భోజనాల వేళ దుకాణంలో కంప్యూటరు ఖాళీగా ఉంటుంది. నాలుగేళ్ల పాటు ఆ వేళల్లో, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో టైపు చేస్తూ, నేనొక నవల రాశాను. పదమూడేళ్ల పిల్ల కథ. వింత నవలే. రాసి ఆ సంస్థకే పంపాను.

వేరే ఎవరికైనా పంపకపోయావా అంటారేమో. పిల్లల కోసం ఇలాంటివి వేసేవాళ్లు నాకు తెలిసినంతలో వాళ్లొక్కరే. అది ఒక కారణం. రెండో కారణం వాళ్ల నియమం. రాతప్రతి టైపు చేసి పంపాలి, పేరు విడిగా కవరులో పెట్టి అతికించాలి. ఆ కవరు సంపాదకురాలి బల్ల సొరుగులో తాళం వేసి ఉంటుంది. మొదటి పాఠకుడికి నంబరు మాత్రమే వెళ్తుంది. ఎవరి బంధువో, ఎవరి కూతురో తెలిస్తే మొహమాటపడతారని ఆ ఏర్పాటు. మా నాన్నకు మొహమాటమా! ఆ సంగతి వాళ్లకు తెలియదు. నాకు మాత్రం ఆ నియమం అవసరమైంది. నా పేరు లేకుండా నా రాత ఆయన ఒక్కసారి చదవాలి. ఆయన "వేయవచ్చు" అంటే పుస్తకం వస్తుంది, అనకపోతే నాలుగేళ్ల మధ్యాహ్నాలు మట్టిలో కలిసినట్టే.

ఆ నెల ఆరు రాతప్రతులు వచ్చాయి. యాభై రెండు నుంచి యాభై ఏడు దాకా. యాభై ఆరు నాది.

మా ఇంట్లో ఒక అలవాటుంది. సాయంత్రం ఆరింటికి టీ తాగుతూ నాన్న ఆ రోజు చదివినదాన్ని ఉతికి ఆరేస్తాడు. అమ్మ బట్టలు మడతపెడుతూనో ఇస్త్రీ చేస్తూనో వింటుంది. నేను పని నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి కార్యక్రమం మొదలై ఉంటుంది.

"యాభై రెండు," అన్నాడు మొదటి రోజు. "ఊరంతా సముద్రం కింద ఉందట. జనం నీళ్లలోనే బతుకుతున్నారట. పన్నెండో పేజీలో తల్లి పొయ్యి వెలిగించింది. ఏమే, నీళ్లలో పొయ్యి వెలుగుతుందా?"

"నాకు నేల మీదే సరిగా వెలగదు," అంది అమ్మ.

"అదీ! వంట చేసేవాళ్లని ఒక్కర్ని అడిగుంటే తెలిసేది. వెండి కళ్ల పిల్లట. మూడు వందల పేజీలు లోకాన్ని కాపాడింది. తను తిన్న కంచం మాత్రం ఒక్కసారి కడగలేదు."

యాభై మూడులో కుర్రాడు చనిపోయిన తల్లిని చూడటానికి కాలంలో వెనక్కి వెళ్తుంటాడు. "మొదటి పేజీలో పద్నాలుగేళ్లు, తొంభైలో పదహారు, నూట పదిలో మళ్లీ పదిహేను. దారి తప్పింది కుర్రాడా, రాసినవాడి లెక్కా?" అని నివేదికలో రాశాడు. యాభై నాలుగులో ఒక అమ్మాయి, ఇద్దరు అబ్బాయిలు, మాట్లాడే గుర్రం. "ముగ్గురికీ పరీక్షలు లేవు, ఇల్లు లేదు, ఆకలి లేదు. రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. ఆ గుర్రం ఒక్కటే పని చేస్తుంది."

నేను కూడా ఇవన్నీ దొంగచాటుగా చదువుతాను. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, బజారుకు వెళ్లినప్పుడు. యాభై రెండు, యాభై నాలుగు నిజంగానే చెత్త. ఇప్పుడొచ్చే ఈ రకం నవలల మీద నాకున్న మంట ఆయనకన్నా తక్కువేమీ కాదు. అందులో ప్రతి పిల్లకూ పుట్టుమచ్చో శాపమో ఉంటుంది, ఏదో ఒక జోస్యం ఆమె కోసమే ఎదురు చూస్తూ ఉంటుంది. అమ్మానాన్నలు మొదటి పేజీలోనే పోతారు, అడ్డు రాకుండా. నా చిన్నప్పుడు నాకోసం ఏ జోస్యమూ ఎదురు చూడలేదు. అమ్మానాన్నలు పోనూ లేదు.

కానీ యాభై ఐదు అలాంటిది కాదు. మూసేసిన బడికి కాపలా ఉన్న ఒక యంత్రం కథ అది. పిల్లలు ఇక రారని దానికి ఎవరూ చెప్పలేదు. రోజూ గంట కొడుతుంది, హాజరు పిలుస్తుంది, ఎవరూ రాలేదని రాసుకుంటుంది. నూట ముప్ఫై పేజీలు. చివరి పేజీ చదివి నేను స్నానాల గదిలో కొళాయి తిప్పి ఏడ్చాను. ఆ సాయంత్రం నాన్న టీ ఊదుకుంటూ అన్నాడు.

"యంత్రం ఏడ్చిందట. యంత్రానికి ఏడుపేంటి? నూనె కారిందని రాయమను."

"బాగుంది నాన్నా అది," అన్నాను నోరు జారి.

"నువ్వెప్పుడు చదివావు?"

"బల్ల మీద ఉంటే రెండు పేజీలు చూశాను."

"రెండు పేజీలకే బాగుందంటే నీ రుచి అలా ఏడ్చింది. అద్దాలు అరగదీసుకో, అది నీకు వచ్చిన పని."

యాభై ఐదు తిరుగు టపాలో పోయింది. దాన్ని రాసింది ఎవరో నాకు తెలియదు. ఎవరో ఒకరు తలుపు తీసి, తన రాతప్రతే తిరిగి తన చేతికి రావడం చూసి ఉంటారు. ఆ మనిషి గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాతి రోజు ఆయన యాభై ఆరు తెరిచాడు.

నా కథ ఇది. ఒక ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ ఇన్ని మాటలని తూచి ఇస్తారు. ఆ మాటల పెట్టె ఇంటిపెద్ద దగ్గర ఉంటుంది, తాళాలు ఆయన నడుముకు వేలాడుతుంటాయి. ఒక ఇంట్లో తండ్రి తన మాటలన్నీ ఎప్పుడో ఖర్చుపెట్టేశాడు. ఇప్పుడు భార్య మాటలూ కూతురి మాటలూ తీసి వాడుకుంటున్నాడు. కథ మొదలయ్యేసరికి కూతురికి పదమూడేళ్లు, నలభై మాటలు మిగిలాయి. తల్లికి ఎన్ని మిగిలాయో ఎవరూ లెక్క చూడలేదు. ఆ పిల్ల మాట ఖర్చు కాకుండా ఉండాలని ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో కథ రాసుకుంటుంది. తొమ్మిదో అధ్యాయంలో తండ్రి అది చూస్తాడు. ఇరుగుపొరుగును పిలిచి, వాళ్ల ముందు గట్టిగా చదివి, ఎర్ర సుద్దతో అద్దం నిండా తప్పులు దిద్దుతాడు.

కిటికీ నేను కల్పించాను. మిగతాది కల్పించలేదు. నా పదమూడో ఏట ఒక నోటుపుస్తకం నిండా కథ రాసి పరుపు కింద దాచుకున్నాను. నాన్నకు దొరికింది. ఆ రోజు ఇంటికి మావయ్య, అత్తయ్య, వాళ్ల పిల్లలు వచ్చి ఉన్నారు. అందరినీ కూర్చోబెట్టి నాన్న మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఎనభై ఒక్క తప్పులున్నాయని లెక్కపెట్టాడు. మావయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. చివర్లో నాన్న నాతో అన్న మాటలు, ఒక్కటి తప్ప, నేను తొమ్మిదో అధ్యాయంలో అక్షరం పొల్లుపోకుండా దించాను. ఇరవై ఏళ్లయినా వాటిని గుర్తు తెచ్చుకోవలసిన అవసరం నాకు రాలేదు, అవి ఎక్కడికీ పోలేదు కాబట్టి.

ఒక్క ఆ అధ్యాయమే కాదు. పుస్తకంలో తండ్రి నోరు తెరిచిన ప్రతిచోటా ఉన్నది మా నాన్న మాటే. "నీ మొహానికి ఇదొకటి తక్కువైంది" ఆయనదే. "నువ్వు నోరు మూసుకుంటే ఇంట్లో గాలి ఆడుతుంది" ఆయనదే. అలా నలభై పేజీలు. అందుకే ఆయన యాభై ఆరు విప్పగానే నా పని అయిపోయిందనిపించింది. మూడో పేజీలో పట్టేస్తాడు, నాలుగో పేజీకి రాతప్రతి నా మొహాన కొడతాడు అనుకున్నాను.

మూడు రోజులు ఆయన ఏమీ అనలేదు. సాయంత్రం టీకి వచ్చి కూర్చుని, తాగి, లేచి వెళ్లిపోయాడు.

"ఈసారి చదివి వినిపించడం లేదేం?" అంది అమ్మ రెండో రోజు.

"చదవనీ," అన్నాడు.

నేను ఆ మూడు రోజుల్లో దుకాణంలో రెండు ఫ్రేములు విరగ్గొట్టాను. మూడో రోజు సాయంత్రం ఆయన నివేదికా రాతప్రతీ కవరులో పెట్టి తానే స్వయంగా టపాలో వేసి వచ్చాడు. నాలుగు రోజుల తర్వాత సంపాదకురాలు నాకు ఫోను చేసి రమ్మంది.

ఆవిడ గది మూడో అంతస్తులో ఉంది. గోడల పొడుగునా కాగితాల కట్టలు. ఆవిడకు నా వయసే ఉంటుంది. కళ్లజోడు మాటిమాటికీ జారుతోంది, ముక్కు మీద ఆనే బిళ్ల ఒకటి వంగిపోయింది. రెండు నిమిషాల పని. ఇలాంటి సమయంలో కూడా నాకు ముందు కనిపించింది అదే.

"కవరు ఇవాళే విప్పాను. అడ్రసు చూసి నా కళ్లు నేనే నమ్మలేదు," అంది. "ఆయన మీ నాన్నగారేనా?"

"ఆయనే. ఆయనకు తెలియదు."

"తెలియదని ఇది చదివితే తెలుస్తూనే ఉంది," అంటూ నివేదిక నా ముందుకు తోసింది.

ఎర్ర సిరాతో, ఆయన గుండ్రటి రాతలో ఇలా ఉంది:

"నంబరు 56. వేయవచ్చు. భాష శుభ్రంగా ఉంది. తప్పులు తొమ్మిది, జాబితా జతచేశాను. లోకం వింతదే గానీ దానికో లెక్క ఉంది. మాటలు అయిపోయినవాళ్లు సరుకులు ఎలా కొంటారో కూడా రచయిత ఆలోచించాడు. ఇంతవరకు నేను చదివినవాళ్లలో ఎవడూ ఆలోచించలేదు. అభ్యంతరం ఒక్కటే, తండ్రి. ఇతను అసహజం. కన్నకూతురితో ఏ తండ్రీ ఇలా మాట్లాడడు. నేనూ తండ్రినే. రచయితకు పిల్లలు లేరని, బహుశా తండ్రి కూడా లేడని తెలిసిపోతోంది. తొమ్మిదో అధ్యాయంతో సహా ఈ పాత్రను తీసేస్తేనే వేయాలి."

రెండుసార్లు చదివాను. మొదటిసారి "భాష శుభ్రంగా ఉంది" దగ్గర నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం వేసినందుకు నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది. తర్వాత రాతప్రతి తిప్పి చూశాను. తండ్రి మాటలు ఉన్నచోటల్లా మార్జినులో "అతి", "నమ్మలేం", "మరీ నాటకం" అని ఉంది. రెండుచోట్ల కామాలు కూడా పెట్టాడు. తన మాటల్లో తనే కామాలు దిద్దుకుని, ఇలా ఎవడూ మాట్లాడడని పక్కన రాసుకున్నాడు. నాకు పైకే నవ్వొచ్చింది, సంపాదకురాలు కంగారుపడింది.  ఆయన గుర్తుండీ దాస్తున్నాడనుకున్నాను ఇన్నేళ్లూ. దాచడం కాదు, ఆయనకు అసలు గుర్తే లేదు.

"మీరేమంటారు? ఆ పాత్రను తీసేస్తారా?" అంది సంపాదకురాలు.

"తండ్రిని తీసేస్తే కథ ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. నాకు తెలుసు. కానీ మొదటి పాఠకుడి షరతును ఆయనే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి, లేదంటే రచయిత ఒప్పుకోవాలి. పుస్తకాలు ఎంపిక చేసే మా సంఘం సోమవారం కూర్చుంటుంది. నేను ఆయనకు ఫోను చేసి, మీ పేరు చెప్పకుండా, కొంచెం సడలించమని అడిగి చూస్తాను."

"సడలించడు. ప్రూఫుల బల్ల దగ్గర ముప్ఫై నాలుగేళ్లలో ఒక్క అభ్యంతరం వెనక్కి తీసుకోలేదని చెప్పుకుని తిరుగుతాడు."

"అడగడంలో తప్పేముంది?" అంది. అది శుక్రవారం.

ఇంటికి బస్సెక్కకుండా నడిచాను. తీసేస్తే పుస్తకం వస్తుంది. దుకాణాల్లో నా పేరుతో ఉంటుంది. ఏ పదమూడేళ్ల పిల్లో కొనుక్కుంటుంది. అందులో తండ్రి మంచివాడో లేనివాడో అయి ఉంటాడు, మాటలు వాటంతటవే మాయమవుతుంటాయి. నా నోటుపుస్తకాన్ని ఆయన రెండోసారి చదివి, ఈసారి నా చేతే చింపించినట్టవుతుంది. తీయకపోతే పుస్తకమే ఉండదు. నాలుగేళ్లు. మా వీధి మలుపు తిరిగేసరికి కూడా నాకు ఏదీ తేలలేదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి నాన్న గొంతు వీధిలోకి వినిపిస్తోంది. సంపాదకురాలి ఫోను అప్పుడే వచ్చి వెళ్లింది.

"సడలించాలట! ఆవిడ నాకు చెబుతుంది! నిన్నమొన్న ఆ కుర్చీ ఎక్కింది!" బల్ల మీద ఆయన తన దగ్గర ఉంచుకున్న నివేదిక నకలు, నా రాతప్రతి నకలు పరిచి ఉన్నాయి. టీ అలాగే చల్లారిపోయింది. అమ్మ పక్కన నిలబడి దిండు గలీబులకు ఇస్త్రీ చేస్తోంది. "నువ్వే చెప్పు. నువ్వు తల్లివి. ఇది విని చెప్పు."

"చదవండి," అంది అమ్మ.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన కళ్లజోడు సర్దుకుని తొమ్మిదో అధ్యాయం చివరి పేజీ తీశాడు.

"పదమూడేళ్ల పిల్ల. ఏదో కిటికీ మీద రాసుకుంది, పాపం. పదిమందిలో నిలబెట్టి అంటాడూ, 'నీ బుర్రలో ఉన్నది ఇదేనా? ఈ చెత్త రాసే బదులు గోడకు సున్నం వేసి ఉంటే ఇల్లన్నా బాగుపడేది.' విన్నావా? కన్నతండ్రి అనే మాటేనా అది? అలాంటివాణ్ని చెప్పుతో కొట్టాలి. లోకంలో ఉంటాడా అలాంటి తండ్రి?"

అమ్మ ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టింది. చేతిలో ఉన్న గలీబు మడతపెట్టి కట్ట మీద ఉంచింది. తర్వాత ఆయన వైపు కాదు, నా వైపు తిరిగింది.

"'ఇంకోసారి పెన్ను పట్టుకుంటే చెయ్యి పొయ్యిలో పెడతా' అని కూడా అన్నారు కదే ఆ రోజు. అది రాయలేదేం?"

నేను గుమ్మం దాటి లోపలికి వచ్చాను.

"ఎవరూ నమ్మరని వదిలేశానమ్మా," అన్నాను.

నాన్న ఒకసారి అమ్మ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. తలుపు తీసి ఎవరి ఇంట్లోకో వచ్చినవాడిలా చూశాడు.

"ఎవరన్నారు? ఏ రోజు?"

"మా అన్నయ్యా వదినా వచ్చిన రోజు," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. మీరు ఆ మాట అని నా వైపు చూసి, ఇంకో కప్పు టీ తెమ్మన్నారు. తెచ్చాను. అది ఆ రాత్రి అన్నం తినలేదు. మీరు తిన్నారు."

"నేనా?"

"మరి ఆ పొయ్యి ఎవరిది? ఆ పిల్ల ఎవరిది?" అమ్మ నలభై ఏళ్ల కాపురంలో ఆయనతో వరసగా ఇన్ని మాటలు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "అలాంటివాడు ఉంటాడా అని నన్నడిగారు. అడిగారు కాబట్టి చెబుతున్నా. ఉంటాడు. ఇంతకాలం వాడికే టీ పెట్టాను."

ఆయన రాతప్రతి దగ్గరికి లాక్కున్నాడు. మొదటి పేజీ తీశాడు, తర్వాత పన్నెండో పేజీ, తర్వాత ముప్ఫై ఒకటి. తను గీసిన గీతలున్న చోట్లనే ఆగుతున్నాడు. "నీ మొహానికి ఇదొకటి తక్కువైంది" దగ్గర పెదవులు కదిలాయి.  ఆ వాక్యం పక్కన ఆయనే రాసిన "నమ్మలేం" మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. మెడ మీద చర్మం ఎర్రబడింది. నాకు జాలి వేయలేదు. వేస్తుందేమోనని భయపడ్డాను గానీ వేయలేదు.

"ఇది నువ్వు రాశావా?" అన్నాడు చివరికి, తలెత్తకుండా.

"నేనే."

"నలభై రెండో పేజీలో తాళాలు ఐదని, యాభైలో ఏడని ఉంది."

"జాబితాలో చూశాను. దిద్దుతాను."

ఆయన ఇంకేమైనా అంటాడని ఎదురు చూశాను. చిన్నప్పటి నుంచి ఎదురు చూస్తున్నదే, ఇంకో నిమిషం చూస్తే పోయేదేముంది. అనలేదు.

"నా సంగతి తర్వాత. ముందు ఆ కాగితం దిద్దండి," అంది అమ్మ. "సోమవారానికి వాళ్లకు అందాలట కదా, మీరు ఫోనులో అంటుంటే విన్నాను."

ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. మూత విప్పాడు. కొత్త కాగితం తీసి, పైన నంబరు వేసి, ముద్రణాలయంలో ముప్ఫై నాలుగేళ్లు రాసిన పద్ధతిలోనే నిదానంగా రెండు పంక్తులు రాశాడు. సంతకం పెట్టి, తేదీ వేసి, ఆరేదాకా ఊది, బల్ల మీద నా వైపుకు జరిపాడు. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

నేను నిలబడే చదివాను.

"నంబరు 56. తండ్రి పాత్రపై నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. అలాంటివాడు ఉన్నట్టు రుజువు దొరికింది."

అమ్మ ఇస్త్రీపెట్టె మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఇంకా నాలుగు గలీబులు మిగిలి ఉన్నాయి. లోపలి గదిలో మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ గది తలుపు దగ్గరికి వెళ్లలేదు.